రాకపోతే రావుగారు

మా భీమశంకరరావుగారికి ఒకే ఒక్క అలవాటుంది. ఎవరి పేరు చెప్పినా కళ్లజోడు నుదుటిమీదికి తోసి, "ఆయన రాకపోతే ఎవరండీ?" అని అడుగుతారు. ఎలక్ట్రీషియన్ వస్తాడంటే అడుగుతారు. కలెక్టరుగారు వస్తున్నారంటే అడుగుతారు. రేపు వాన వస్తుందంటే కూడా అడుగుతారేమోనని మేము ఆయన దగ్గర వాతావరణం ఊసెత్తం. పోర్టు రోడ్డులో భీమశంకరరావుగారి ఆఫీసు ఎక్కడని అడిగితే ఎవరూ చెప్పలేరు. రాకపోతే రావుగారంటే మాత్రం టీ కొట్టు వాడు గ్లాసు కడుగుతూనే మోచేత్తో దారి చూపిస్తాడు.

నా పెళ్లికి శుభలేఖ ఇవ్వడానికి మా అమ్మతో కలిసి వాళ్లింటికి వెళ్లాను. ఆయన కార్డు కళ్లకద్దుకుని తీరిగ్గా చదివారు.

"చాలా సంతోషం వాసూ. మరి పురోహితుడుగారు రాకపోతే ఎవరండీ?"

"మా ఈదిలోనే ఇంకో పంతులుగారున్నారండి."

"మేళం వాళ్లు రాకపోతే?"

"మల్కాపురంలో ఇంకో మేళం ఉందండి."

"ఆఁ. మరి..." అంటూ ఆయన వేలు కార్డు మీద ఇంకో వరస కిందికి దిగింది. అక్కడున్నది పెళ్లికూతురి పేరు. మా అమ్మ చటుక్కున కార్డు లాగేసుకుంది.

"సాలు బాబూ, సాలు! ఇంక సదవకండి. ఏళకి భోజనానికి వచ్చేయండి," అని నన్ను రెక్క పట్టుకుని లాక్కొచ్చింది. ఆ సాయంత్రం నాకు మూడుసార్లు దిష్టి తీసింది.

బయటివాళ్లకి ఇది సరదాగానే ఉంటుంది. వాళ్లావిడ భ్రమరాంబగారిని అడగాలి. "పాలవాడు రాకపోతే ఎలాగని ముగ్గుర్ని పెట్టారమ్మా. ముగ్గురూ వస్తారు! పదిహేనేళ్లుగా మా ఇంట్లో తోడు పెట్టని గిన్నె లేదు," అని ఇంటికెళ్లిన ప్రతివాళ్లకీ ఒక గ్లాసు మజ్జిగిచ్చి మరీ చెబుతారు.

మాది క్లియరింగ్ ఆఫీసు. ఓడల్లో వచ్చే కంటైనర్లకి కాగితాలు పూర్తి చేయించి ఫ్యాక్టరీలకి చేర్చడం మా పని. యజమాని శివరామకృష్ణగారు. పనులు నడిపించేది రావుగారు. ఆయన కింద ఆరేళ్లుగా నేను. ఒక్క కంటైనరు కదలాలంటే ఐదు కంపెనీలు ఒప్పుకోవాలి. ఓడవాళ్ల తరఫు ఏజెన్సీ, మేము, కంటైనర్లు నిలిపే యార్డు, లారీల కంపెనీ, సరుకు అందుకునే ఫ్యాక్టరీ. ఒకప్పుడు ఇదంతా ఫోన్ల మీద, బతిమాలుకోవడాల మీద నడిచేది. పోయినేడు ఐదు కంపెనీలూ కలిసి ఒకే సాఫ్ట్‌వేరు పెట్టుకున్నాయి. ఒకరి పని అయిపోయి పచ్చ మీట నొక్కగానే, పని దానంతటదే పక్క కంపెనీవాళ్ల తెర మీదికి వెళుతుంది.

దాన్ని తయారుచేసిన సాయిశంకర్ అనే ఇంజనీరు మా ఐదు కంపెనీలనీ కూర్చోబెట్టి, గోడ మీద గళ్లు గీసి చూపించాడు. ఒక్కో గడిలో ఒక్కో మనిషి పేరు.

"ఇక్కడ ఏజెన్సీ తరఫున కీర్తనగారు నొక్కుతారు సార్."

"ఆవిడ రాకపోతే ఎవరండీ?"

"శ్రీరామ్మూర్తిగారు నొక్కుతారు."

"ఆయనా రాకపోతే?"

సాయిశంకర్ మంచినీళ్లు తాగాడు. "ఇద్దరూ ఒకేసారి ఎందుకు మానేస్తారు సార్?"

"మనుషులు కదండీ," అన్నారు రావుగారు.

రెండు రోజుల్లో అవ్వాల్సిన ఆ సమావేశం తొమ్మిది రోజులు నడిచింది. చివరికి సాయిశంకర్ ప్రతి గడి పక్కనా మూడు వరసల చిన్న గడి ఒకటి పెట్టాడు. ఒకరు అందకపోతే పని రెండోవాళ్లకి, వాళ్లూ అందకపోతే మూడోవాళ్లకి పోతుంది. అవసరమైతే పని మధ్యలో దారే మార్చుకోవచ్చు. దానికి మాత్రం ఐదు కంపెనీలూ ఒప్పుకోవాలి. ఆ గడికి అందరూ రావు గడి అని పేరు పెట్టారు. నింపనిది ఒక్క యార్డువాళ్లే. "మా యార్డులో రాకపోవడాలు ఉండవండీ," అన్నాడు మేనేజరు శ్రీనివాసరావు, మీసం సవరించుకుంటూ.

మే నెలలో ఒక గురువారం. పొద్దున్న పది దాటి ఇరవై నిమిషాలు. యార్డు నుంచి నాకు ఫోను.

"వాసూ, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. యార్డంతా కరెంటు లేదు. మీ రీఫర్ ఆగిపోయింది."

రీఫరంటే లోపల చలి మిషను ఉండే కంటైనరు. అందులో ఉన్నది షుగరు రోగుల ఇంజక్షన్లకి ముడిసరుకు. పరవాడ ఫ్యాక్టరీకి వెళ్లాలి. రెండు డిగ్రీలకీ ఎనిమిది డిగ్రీలకీ మధ్యనే ఉండాలి. ఎనిమిది దాటితే మొత్తం పారబొయ్యడమే. మళ్లీ సముద్రం దాటి సరుకు రావడానికి రెండు నెలలు.

తెర మీద కంటైనరు వేడి కనిపిస్తోంది. ఐదు పాయింట్ రెండు.

"మీ జనరేటరు వెయ్యండి సార్!" అన్నాను.

"జనరేటరు గది తాళం సన్యాసిరాజు దగ్గరుంది. వాడు వ్రతానికి అన్నవరం వెళ్లాడు," అన్నాడు శ్రీనివాసరావు.

"తాళం?"

"వాడితోనే వెళ్లింది. బద్దలు కొట్టిస్తున్నాను. కానీ మిషను స్టార్టు చెయ్యడం వాడికే వచ్చు."

రావుగారు పక్కనే నిలబడి విన్నారు. ఒక్క మాట దెప్పలేదు. "జనరేటరున్న లారీ యార్డులోకి పంపుదాం వాసూ. కంటైనరు దాని మీదికి ఎక్కించి, ప్లగ్గు పెట్టి, అలాగే పరవాడ పంపించేద్దాం. ఏజెన్సీ వాళ్లు వదిలితే గేటు పాస్ వస్తుంది. నొక్కు."

నొక్కాను. పని కీర్తన తెర మీదికి వెళ్లింది. వెళ్లీ వెళ్లగానే 'సెలవు' అని చూపించి శ్రీరామ్మూర్తి పేరు మీదికి దూకింది. అరగంట చూశాం. కదలిక లేదు. ఆయన సెల్లుకి చేశాను. మోగుతోంది, ఎత్తడం లేదు. ఏజెన్సీ ఆఫీసుకి చేస్తే వాచ్‌మన్ ఎత్తాడు.

"ఇక్కడెవులూ లేరు బాబూ. కీర్తనమ్మకి నేడు నిశ్చితార్థం. దువ్వాడలో. ఆఫీసు ఆఫీసంతా భోజనాలకి ఎల్లిపోనారు."

ఐదు పాయింట్ తొమ్మిది.

అప్పుడే శివరామకృష్ణగారు తన గదిలోంచి బయటికొచ్చారు. సంగతి విని ఆయన ముఖం ఎర్రబడింది. "కీర్తన నంబరుందిగా? చెయ్యి వాసూ. నొక్కడానికి అర నిమిషం పట్టదు."

నేను ఫోను తీశాను. రావుగారు నా చేతిలోంచి దాన్ని తీసుకుని, తన చొక్కా జేబులో వేసుకున్నారు.

"ఆ అమ్మాయికి చెయ్యొద్దండీ."

"ఏంటి రావుగారూ! సరుకు ఉడికిపోతుంటే?"

"మూడో పేరుందండీ. రాధగారని, ఏజెన్సీవాళ్ల కాకినాడ ఆఫీసులో. ఇంకో రెండు నిమిషాల్లో ఆవిడకి వెళుతుంది."

"ఆవిడ ఈ పని ఎప్పుడైనా చేసిందా?"

"లేదండీ."

"మరి చేసిన పిల్ల పది మైళ్ల దూరంలో ఉండగా చెయ్యని మనిషిని నమ్ముకోమంటారా? ఫోనివ్వండి."

"ఇవ్వనండీ," అన్నారు రావుగారు. గొంతు పెంచలేదు. చెయ్యి మాత్రం జేబు మీద నుంచి తియ్యలేదు.

పదిహేనేళ్లలో ఆయన యజమానికి ఎదురు చెప్పడం ఎవరూ చూడలేదు. శివరామకృష్ణగారు వేలెత్తి, "ఈ సరుకు పోతే రేపటి నుంచి మీరు ఈ మెట్లెక్కక్కర్లేదు," అని కుర్చీ లాక్కుని అక్కడే కూర్చున్నారు.

కాకినాడ నుంచి రాధ ఫోను చేసింది. "నా తెర మీద ఏదో ఎర్రగా వచ్చిందండీ. నేనెప్పుడూ ఇది నొక్కలేదు. తప్పు నొక్కితే నా ఉద్యోగం..."

"కంగారు పడకండమ్మా," అన్నారు రావుగారు. "నన్ను నమ్మి నొక్కొద్దు. నాలుగు కాగితాలున్నాయి, ఒక్కొక్కటీ తెరవండి. మొదటిదాంట్లో కంటైనరు నంబరు పైకి చదవండి."

ఆవిడ చదివింది. ఆయన ఆగారు. ఆవిడ రెండోది తెరిచింది. శివరామకృష్ణగారు కుర్చీలో ముందుకీ వెనక్కీ ఊగుతున్నారు. నేను తెర మీద అంకెల వైపు చూడకూడదనుకుంటూనే చూస్తున్నాను. ఆరు పాయింట్ మూడు. నాలుగు. రావుగారు మాత్రం చిన్న పిల్లలకి ఎక్కాలు చెప్పినట్టు, "ఆఁ... బావుంది. ఇప్పుడు మూడోది," అంటున్నారు.

పదకొండూ ముప్పావుకి పచ్చ వెలిగింది. వెంటనే గేటు పాస్ వచ్చింది. నేను ఆఫీసు ఫోను నుంచి లారీ డ్రైవరు వీరన్నకి చేశాను.

"బావా, గేటు పాస్ వచ్చేసింది. ఎక్కడున్నావ్?"

"గాజువాక కాడ రోడ్డు పక్కన బండి ఆపేసి ఉన్నాను బావా. జనరేటరుకి డీజిల్ పైపు పగిలిపోనాది. రోడ్డంతా డీజిలే. నానేటి సెయ్యను?"

"ఎంతసేపు పడతాది?"

"మెకానిక్కు రావాలి. రెండు గంటలు పట్టేత్తాది."

ఫోను స్పీకరులో ఉంది. అందరూ విన్నారు. ఆరు పాయింట్ తొమ్మిది. శివరామకృష్ణగారు తల పట్టుకున్నారు. ఆయన కోపం పోయి, భయం వచ్చింది. అది ఇంకా కష్టంగా ఉంది చూడడానికి.

రావుగారు తన డైరీ తీసి ఒక నంబరు కొట్టారు. మల్కాపురం సన్యాసమ్మ. మొగుడు పోయాక మూడు లారీలతో సొంతంగా వ్యాపారం నడుపుతున్న మనిషి. రెండు లారీలకి జనరేటర్లున్నాయి. కానీ ఆవిడ మా ఐదు కంపెనీల్లో లేదు.

"నమస్కారమమ్మా. భీమశంకరరావుని."

"ఎవులూ?"

"రాకపోతే రావునండీ."

"ఓలమ్మా, మీరా! సెప్పండి బాబూ." ఆయన సంగతి రెండు ముక్కల్లో చెప్పారు. "నా బండి యార్డుకి పావుగంట దూరంలోనే ఉంది. పంపిత్తాను. గానీ ఆ గేటోళ్లు నా బండిని లోనికి రానిత్తారేటి? ఆళ్ల కంప్యూటర్లో నా పేరు లేదు కదా?"

"పేరు పెట్టించే పూచీ నాదమ్మా. మీరు బండి గేటు దాకా తెచ్చి పెట్టండి."

"మీరు మాటంటే సాలు. నానే బండెక్కి వత్తన్నాను."

ఆయన వెంటనే సాయిశంకర్‌ని ఫోనులో పట్టుకున్నారు. నడుస్తున్న పనిలో కొత్త కంపెనీని కలపగలమా అని అడిగారు.

"కలపొచ్చు సార్. సన్యాసమ్మగారి గడి ఇప్పుడే గీస్తాను. కానీ ఐదు కంపెనీలూ ఒప్పుకోవాలి. ఒక్కరు నొక్కకపోయినా దారి మారదు."

తెర మీద ఐదు బూడిదరంగు చుక్కలు వచ్చాయి. మాది నేనే నొక్కాను. ఒకటి పచ్చ. పరవాడ ఫ్యాక్టరీవాళ్లు ఎదురుచూస్తున్నట్టే ఉన్నారు. రెండు. లారీ కంపెనీవాళ్లకి తమ పని పక్కవాళ్లకి పోవడం ఇష్టం లేదు. వీరన్నే వాళ్ల యజమానికి చేసి, "మన బండి సెడిపోనాది, ఒప్పేసుకోండి బాబూ, సరుకు పోతాది," అని పోరాడాక నొక్కారు. మూడు. కాకినాడ రాధ ఈసారి ఫోను కూడా చెయ్యలేదు. టక్కున నొక్కేసింది. నాలుగు.

మిగిలింది యార్డు. పన్నెండున్నర. ఏడు పాయింట్ మూడు.

శ్రీనివాసరావు ఫోనెత్తి నసిగాడు. "కొత్త బండి రావుగారూ... పైవాళ్లని అడక్కుండా నేనొక్కణ్ణీ ఎలా నొక్కను? హైదరాబాదు ఆఫీసుకి మెయిలు పెట్టాను. జవాబు రానివ్వండి."

గేటు బయట సన్యాసమ్మ లారీ హారను శ్రీనివాసరావు ఫోనులోంచి మాకు వినిపిస్తోంది. ఆపకుండా కొడుతోంది.

రావుగారు చాలా మర్యాదగా అడిగారు. "పోనీ, మీరు ఇవాళ యార్డుకి రాలేదనుకోండి. అప్పుడు ఎవరు నొక్కేవారండీ?"

శ్రీనివాసరావుకి రోషం వచ్చింది. "నేను రాకపోవడమేంటండీ! ఎదురుగా కూర్చునుంటే!"

"ఉన్నారు కదండీ? అయితే నొక్కెయ్యండి."

అవతల ఊపిరి పీల్చిన చప్పుడు. ఆ తర్వాత మీట చప్పుడు. ఐదో చుక్క పచ్చబడింది.

క్రేను కంటైనరుని లేపి లారీ మీద పెట్టేసరికి ఒంటిగంట దాటింది. ఏడు పాయింట్ ఏడు. సన్యాసమ్మ డ్రైవరు ప్లగ్గు దూర్చాడు. జనరేటరు దగ్గి ఆగిపోయింది. ఏడు పాయింట్ ఎనిమిది. "ఓరి, సోకులు తరవాత పడుదువు గానీ, గట్టిగా తన్ను దాన్ని!" అని ఫోనులో సన్యాసమ్మ అరుపు. మళ్లీ దగ్గింది. అందుకుంది. గడగడలాడుతూ నడిచింది.

అంకె అలాగే నిలబడిపోయింది. మేము ముగ్గురం కదలకుండా చూశాం. ఏడు పాయింట్ ఎనిమిది. ఏడు పాయింట్ ఎనిమిది. ఏడు పాయింట్ ఏడు.

శివరామకృష్ణగారు లేచి తన గదిలోకి వెళ్లి తలుపేసుకున్నారు. రావుగారు జేబులోంచి నా ఫోను తీసి చేతిలో పెట్టారు. అది చెమటకి తడిసిపోయింది.

"ఒక్క ఫోను చేస్తే ఏటైపోయేది సార్? మీ ఉద్యోగం పోయేది కదా?" అన్నాను.

"ఆ అమ్మాయి పోయిన ఏడాది పెళ్లిచూపుల సంగతి నీకు తెలుసా వాసూ?" అన్నారు. "మన కంటైనరు కోసం నాలుగుసార్లు లేచి బయటికెళ్లి మాట్లాడిందట. పెళ్లివారు, 'ఈ పిల్ల కాపురం ఓడలతో చేస్తుందా, మావాడితో చేస్తుందా' అని కాఫీ కూడా తాగకుండా వెళ్లిపోయారట. మొన్న నాకు ఫోను చేసి, ఈసారి ఎవరూ పిలవరు కదా సార్ అని అడిగింది. పిలవరమ్మా అన్నాను."

ఆ నాలుగు ఫోన్లూ చేసింది నేనే.

లారీ పరవాడ చేరింది. సరుకు బాగానే ఉందని ఫ్యాక్టరీవాళ్లు రాసిచ్చారు. మర్నాడు పొద్దున్నే శివరామకృష్ణగారు రావుగారి బల్ల దగ్గరికొచ్చి, "మెట్లెక్కారా?" అని అడిగారు. "ఎక్కానండీ," అన్నారాయన. వాళ్లిద్దరి మధ్య క్షమాపణలు అంతటితో అయిపోయాయి.

సోమవారం సాయిశంకర్ నాకొక జాబితా పంపాడు. గురువారం గొడవ తర్వాత ఐదు కంపెనీల రావు గళ్లూ ఒకచోట చేర్చి సరిచూడమన్నాడు. నలభై మూడు ఉన్నాయి. ప్రతి గడికీ చివర 'కారణం' అని ఒక ఖాళీ ఉంటుందట. మేమెవరం దాన్ని ఎప్పుడూ చూడలేదు. రావుగారు ఒక్కటి తప్ప అన్నీ నింపారు.

'వీరన్న. నెలకో మంగళవారం భార్యని ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఆ రోజు బండి వెయ్యొద్దు.'

'శ్రీరామ్మూర్తి. కూతురు పదో తరగతి. పరీక్షలప్పుడు పిల్లని తనే దింపాలని కోరిక. మొహమాటస్థుడు, అడగడు.'

'సాయిశంకర్. సాఫ్ట్‌వేరు పెట్టిన రోజు నుంచి ఒక్క ఆదివారం ఇంటి దగ్గర లేడు. బదులు మనిషిని ఇమ్మని వాళ్ల కంపెనీకి రాశాను.'

కిందికి వెళితే నా పేరు. 'వాసు. ఆగస్టులో భార్య పురుడు. ఇరవై రోజులు. బదులు: నేను.'

నేనింకా సెలవు అడగనే లేదు. ఎలా అడగాలా అని నెల రోజులుగా అద్దం ముందు మాటలు కూడదీసుకుంటున్నాను, అదీ వారం రోజులకి. ఆరేళ్లుగా ఆ మనిషికి మా మీద నమ్మకం లేదని నవ్వుకున్నాం. ఆయన మమ్మల్ని ఇంటికి పంపడానికి దారులు వెతుకుతున్నారన్న మాట.

జాబితాలో ఆఖరి పేరు ఆయనదే. భీమశంకరరావు. పక్కన మూడు వరసలూ ఖాళీ. కారణమూ ఖాళీ.

నేను మొదటి వరసలో నా పేరు రాసేసి, జాబితాని అందరికీ పంపించాను. ఇంకేమీ రాయలేదు.

మధ్యాహ్నం మూడింటికి సాయిశంకర్ రావుగారికే ఫోను చేశాడు. "సార్, మీ గడిలో మూడు పేర్లే పడతాయి. పదకొండుమంది ఎక్కించాలని చూస్తున్నారు. సిస్టం మొరాయిస్తోంది."

"నా గడిలోనా? ఎవరండీ?"

"వాసుగారు, రాధగారు, శ్రీరామ్మూర్తిగారు... వీరన్నగారికి కంప్యూటరు రాకపోయినా పేరు పెట్టించుకున్నారు. కీర్తనగారు పెళ్లయ్యాక కూడా ఉంటానని రాశారు. సన్యాసమ్మగారు రెండుసార్లు పెట్టారు. యార్డు శ్రీనివాసరావుగారు తనది మొదటి వరసలో ఉండాలంటున్నారు."

రావుగారు కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, మళ్లీ తీశారు. "ఇంతమంది ఎందుకండీ? నేనెక్కడికి వెళ్తాను?"

"ఇయ్యాల ఇంటికెల్లండి సార్," అన్నాను నేను. "మేడమ్‌గారిని రుషికొండ బీచికి తీసుకెల్లండి."

"పనిదినంలోనా? వాళ్లావిడతో ఏం చేస్తారండీ అక్కడ?"

"మీ ఆవిడే సార్!"

శివరామకృష్ణగారు తన గది తలుపులోంచే, "వెళ్లండి రావుగారూ, లేకపోతే మెట్లు దింపేస్తాను," అన్నారు.

ఆయన డైరీ సంచిలో పెట్టుకున్నారు. మళ్లీ తీశారు. బల్ల మీదే వదిలేశారు. నాలుగు గంటలకి ఎండలో గొడుగేసుకుని, స్కూలు మధ్యలోనే ఇంటికి పంపేసిన పిల్లాడిలా అటూ ఇటూ చూసుకుంటూ గేటు దాటారు. అక్కడ కూర్చున్న మా వాచ్‌మన్ వరహాలు, దీపాలు పెట్టకముందు ఎన్నడూ గేటు దాటని ఆయన్ని చూసి గబుక్కున లేచి సలాం కొట్టి, తన చేతి వాచీ ఆగిపోయిందనుకుని, విప్పి చెవి దగ్గర పెట్టుకుని ఊపడం మొదలెట్టాడు.